అత్తగారి నీళ్ళ లెక్క

జెల్లీ అంటే పిల్లల పుట్టినరోజులకి చేసే తిండి అని మా ఇంట్లో అందరి నమ్మకం. ఎర్రగానో పచ్చగానో ఉండాలి, ప్లేటు కదిపితే ఊగాలి, పిల్లలు రెండు చెంచాలు తిని మిగతాది వదిలేసి ఆటకి పరిగెత్తాలి. నాకూ దాని మీద అంతకంటే పట్టింపు లేదు. అలాంటిది పోయిన మే నెల నుంచి మొన్నమొన్నటి దాకా మా వంటింట్లో జెల్లీ చెయ్యని రోజు లేదంటే మీరు నమ్మాలి. తినేది పిల్లలు కాదు. 79 ఏళ్ళ మా అత్తగారు.

అత్తగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక ఆరేళ్ళుగా మా దగ్గరే, ఈ జీడిమెట్లలోనే ఉంటున్నారు. షాపూర్ నగర్ మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో మా ఇల్లు. మూడో అంతస్తు, మా నెత్తి మీద ఇక డాబానే. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పితే ట్యాంకులోంచి వచ్చే నీళ్ళతో టీ పెట్టుకోవచ్చేమో అనిపిస్తుంది. ఊళ్ళో వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని ఎండాకాలాలు గడిపిన మనిషి, ఈ సిమెంటు వేడికి మొదటి రెండేళ్ళు బాగానే సర్దుకున్నారు. తర్వాత మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు, తాళాలు. తర్వాత మా చిన్నాడి పేరు. ఆ తర్వాత అసలు ఏ ఊళ్ళో ఉన్నామన్నది. డాక్టర్లు డిమెన్షియా అన్నారు. ఇప్పుడు నన్ను ఒక్కోరోజు కోడలిగా గుర్తుపడతారు, ఒక్కోరోజు వాళ్ళ చెల్లెల్ని అనుకుంటారు. నిజం చెప్పొద్దూ, చెల్లెలనుకున్న రోజే నాకు హాయి. ఆ రోజు నా మీద ప్రేమ ఎక్కువగా ఉంటుంది.

మతిమరుపుతో సర్దుకున్నాం. నీళ్ళతోనే వచ్చింది చిక్కు.

ఆవిడ నీళ్ళు తాగరు. గ్లాసు ఇస్తే "ఇప్పుడే తాగాలే అమ్మాయ్" అంటారు. ఎప్పుడు తాగారని అడిగితే "ఇందాకే, బావి దగ్గర" అంటారు. పోనీ అని పక్కన పెట్టి వెళ్తే పది నిమిషాలకి గ్లాసు ఖాళీ. తాగారనే అనుకునేవాళ్ళం. ఏప్రిల్‌లో ఓ రోజు బట్టలు ఆరేసి వస్తూ చూశాను, బాల్కనీలో తులసి కుండీ ముందు నిలబడి, ఎంతో భక్తిగా గ్లాసెడు నీళ్ళూ అందులో పోసి, చెంగుతో గ్లాసు తుడిచి లోపలికి పట్టుకెళ్తున్నారు. తులసి ఆకులు ఎందుకు పసుపెక్కి రాలుతున్నాయో అప్పుడు తెలిసింది నాకు.

ఆ వారంలోనే ఓ సాయంత్రం ఆవిడ మాట తడబడింది. లేచి నిలబడలేకపోయారు, పెదవులు పొట్టు కట్టాయి, మామగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారని చెప్పడం మొదలుపెట్టారు. మావారు ఆటో పిలిచారు. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. పెద్ద జబ్బేమీ కాదు, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయి, దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా వచ్చింది అన్నారు. వయసు మీద పడే కొద్దీ దాహం తెలిసే గుణమే మందగిస్తుందట. ఒళ్ళు ఎండిపోతున్నా నోటికి తెలియదు. మతిమరుపు ఉన్నవాళ్ళకి నీళ్ళు తగ్గితే ఆ అయోమయం ఒక్కసారిగా రెట్టింపవుతుందని కూడా చెప్పారు. "ఎలాగైనా రోజుకి లీటరున్నర లోపలికి వెళ్ళాలమ్మా, కాఫీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి" అన్నాడు డాక్టరు. తలూపాను గానీ, ఎలాగైనా అంటే ఎలాగో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అత్తగారు నీళ్ళు తాగకపోవడం ఒట్టి మతిమరుపు కాదు. మోకాళ్ళ నొప్పులతో బాత్రూముకి లేవడం ఆవిడకి పెద్ద యజ్ఞం. అంతకంటే పాతది ఇంకొకటుంది. ఆవిడ కాపురానికొచ్చిన ఇంట్లో మరుగుదొడ్డి లేదు. తెల్లారకముందు వెళ్ళాలి, లేదా చీకటి పడ్డాక వెళ్ళాలి. మధ్యలో పొలం పనైనా, పెళ్ళికి బస్సు ప్రయాణమైనా ఉగ్గబట్టుకోవడమే. అందుకని నీళ్ళే తాగేవారు కాదు. ఆ తరం ఆడవాళ్ళలో ఎంతమంది ఇలా దాహాన్ని అణుచుకుని బతికారో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు రెండు బాత్రూములున్నాయి, ఒకటి ఆవిడ మంచానికి పది అడుగుల్లో. మనవళ్ళ పేర్లు మర్చిపోయిన ఆవిడకి ఆ అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు.

సెలైన్‌తో ఇంటికొచ్చాక మేం చెయ్యని ప్రయత్నం లేదు. బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు, పల్చటి మజ్జిగ, స్ట్రా, చిన్నపిల్లల సిప్పర్ కూడా. సిప్పర్ చూసి ఆవిడకి కోపమొచ్చింది. రావలసిందే. గ్లాసు కనబడితే మొహం తిప్పేసుకోవడం మొదలైంది. చివరికి గ్లాసు అంటేనే ఆవిడకీ నాకూ మధ్య తగవు అన్నట్టు తయారైంది.

దారి చూపించింది తాటిముంజలు. మే మొదటి వారంలో మావారు మేడ్చల్ రోడ్డు పక్కన బుట్టలో పెట్టి అమ్ముతుంటే ఓ రెండు డజన్లు పట్టుకొచ్చారు. అత్తగారు మంచం మీంచి చూశారు. ఎవరూ పిలవలేదు, ఇవ్వలేదు. తనే లేచి వచ్చి కింద కూర్చుని, ఒక్కోటీ తీసుకుని బొటనవేలి గోరుతో పైపొట్టు వలిచి, మధ్యలో నీళ్ళు కారిపోకుండా ఒడుపుగా నోట్లో వేసుకున్నారు. వరసగా ఏడు. గోరుకి ఆ పని గుర్తుంది! మేమందరం నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాం. లేత ముంజలో ఉండేదంతా దాదాపు నీళ్ళే కదా. గ్లాసులో ఉంటే ఒద్దన్న నీళ్ళే, చేతితో పట్టుకునే రూపంలో వస్తే అడగకుండా లోపలికి వెళ్ళాయి.

మా అమ్మాయి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. సాయంత్రం కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పాను. ఇంటికొచ్చే లోపు అది ఫోన్లో ఏదో వెతికి పెట్టుకుంది. ఇంగ్లండులో లూయిస్ హార్న్‌బీ అనే కుర్రాడు, డిజైన్ చదువుకునే రోజుల్లో, అచ్చం మన అత్తగారి పరిస్థితే వాళ్ళ అమ్మమ్మకో నాయనమ్మకో వచ్చి ఆసుపత్రిలో చేరిస్తే, ఆవిడ కోసం జెల్లీ బిళ్ళలు తయారుచేశాడట. పేరు జెల్లీ డ్రాప్స్. తొంభై శాతానికి పైగా నీళ్ళే, చేత్తో పట్టుకోవడానికి వీలుగా, రంగురంగులుగా. మొదటిసారి పెట్టెలో పెట్టి ఇస్తే పది నిమిషాల్లో ఏడు తినేసిందట ఆవిడ, అంటే ఒక కప్పు నీళ్ళు. 2018లో దానికి బహుమతులు కూడా వచ్చాయి. ఏడు అనే అంకె చూసి మా అమ్మాయీ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

ముంజలు ఎన్నాళ్ళుంటాయి? జూన్‌లో రెండు వానలు పడితే అయిపోయె. అప్పటికి నేను ముంజలు చెయ్యడం నేర్చుకోవాలి.

మా చిన్నాడు వెంటనే కొట్టుకెళ్ళి ఒక జెలటిన్ పొట్లం తెచ్చాడు. అది పక్కన పెట్టించాను. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, తోళ్ళు ఉడికించి తీసేది. మామగారు పోయిన దగ్గర్నుంచి అత్తగారు నీచు ముట్టరు. ఆవిడకి తెలియదు కదా, చెప్పకపోతే పోయె అన్నాడు మా చిన్నాడు. తెలియదు కాబట్టే పెట్టకూడదు అన్నాను. తెలిసినవాళ్ళు అడిగి, వద్దని చెప్పగలరు. ఆవిడ తరఫున అడిగేవాళ్ళం మనమే. (కొట్లో దొరికే రంగు జెల్లీ పొట్లాల్లో కొన్ని సముద్రపు నాచు సరుకుతోనే చేస్తారు, ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఉందో లేదో చూసి కొనుక్కోండి. మాకు పనికిరానిది వాటిలోని పంచదార. అత్తగారికి షుగర్ ఉంది.)

ఇంకో కారణం కూడా ఉంది, ఇది పూర్తిగా మన హైదరాబాదు ఎండకి సంబంధించింది. జెలటిన్‌తో చేసింది 30, 35 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. మే నెలలో మా ముందుగదిలో ఫ్యాను కింద కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఆవిడ మంచం దగ్గరికి తీసుకెళ్ళి, ఆవిడ మనసు కుదిరి చెయ్యి చాపేసరికి మళ్ళీ నీళ్ళే మిగులుతాయి. నాకు కావలసింది ఎండలో నిలబడేది. అది చైనా గ్రాస్. దాన్నే అగర్ అగర్ అంటారు. గడ్డకట్టాక దాన్ని మళ్ళీ కరిగించాలంటే 85 డిగ్రీలు దాటాలి. ఫ్రిజ్ లేకపోయినా, కరెంటు పోయినా, గది వేడికే అరగంటలో గట్టిపడుతుంది. చల్లదనం కోసమే తప్ప గడ్డకట్టడానికి దానికి ఫ్రిజ్ అక్కర్లేదు.

పేరులో చైనా ఉంది గానీ దాన్ని ఎండబెట్టి దాచుకునే పద్ధతి జపాన్‌లో పుట్టిందంటారు, అగర్ అనేదేమో మలయా మాట. ఎర్రజాతి సముద్రపు నాచు ఉడికించి తీసేది. మన దేశంలో తమిళనాడు వైపు, రామనాథపురం జిల్లా తీరంలో ఆడవాళ్ళు సముద్రంలో మునిగి, రాళ్ళ మీంచి ఆ నాచుని చేత్తో పీకి, సంచుల్లో వేసుకుంటారు. వేళ్ళు కోసుకుపోకుండా గుడ్డపీలికలు చుట్టుకుంటారట. అత్తగారు, మామగారు ఎప్పుడో రామేశ్వరం వెళ్ళొచ్చారు. ఆ సముద్రంలో మునిగి లేచిన ఆవిడకి ఆ సముద్రంలోదే ఇప్పుడు ఈ రూపంలో పెడుతున్నానని ఒకసారి చెప్పాను. "రామేశ్వరమా, వెళ్దాం పదవే" అని చెప్పుల కోసం వెతికారు. ఆ రోజు చెల్లెల్ని నేను.

సరే, చేసే విధానం. చాలామంది అడిగారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

చైనా గ్రాస్ రెండు రకాలుగా దొరుకుతుంది, తీగల్లాగా ఉండేదీ, పొడీ. తీగలైతే పది గ్రాముల కట్ట సుమారు లీటరుకి సరిపోతుంది. అరగంట చన్నీళ్ళలో నానబెట్టి మరిగించాలి. నేను పొడే వాడతాను. అరలీటరు జెల్లీకి ఒక చెంచా, తలగొట్టి. పిల్లలకి పెట్టే జెల్లీ ఇంకా గట్టిగా ఉంటుంది, ముసలివాళ్ళకి నాలుకతో నొక్కితే విరిగేంత మెత్తగా ఉండాలి. ఒక్కో కంపెనీ పొడి ఒక్కో బలంతో ఉంటుంది కాబట్టి నా చెంచా లెక్క మీకు అలాగే కుదరాలని లేదు. దానికి తేలిక పరీక్ష ఉంది. మరిగాక ఒక చెంచా ద్రవం స్టీలు పళ్ళెం మీద వెయ్యండి. రెండు నిమిషాల్లో గట్టిపడుతుంది. వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే కాస్త నీళ్ళు పొయ్యండి, వదులుగా ఉంటే మరి కాస్త పొడి నీళ్ళలో కలిపి పోసి మళ్ళీ మరిగించండి. గిన్నెలో గడ్డకట్టిపోయినా ఏం కాదు, మళ్ళీ పొయ్యి మీద పెడితే కరుగుతుంది. ఎన్నిసార్లైనా. ఈ ఓపిక ఉన్న వంటలు తక్కువ.

గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్ళలో పొడి వేసి చన్నీళ్ళప్పుడే కలిపేసి పొయ్యి మీద పెట్టాలి. వేడినీళ్ళలో వేస్తే ఉండ కడుతుంది. తిప్పుతూ రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. వెచ్చబడితే చాలదు, పూర్తిగా మరగాలి, గరిట ఎత్తితే ఎక్కడా నలుసు కనబడకూడదు. పొయ్యి కట్టేసి, అప్పుడు 300 మిల్లీలీటర్ల లేత కొబ్బరినీళ్ళు కలపాలి. కొబ్బరినీళ్ళు ఫ్రిజ్‌లోవి కాకూడదు. చల్లటివి పోస్తే తగిలిన చోటల్లా గడ్డలు కట్టి మజ్జిగ విరిగినట్టవుతుంది. చివర్న రెండు చెంచాల కొబ్బరిపాలు. అవి రుచికి కాదు, రంగుకి. ముంజ పూర్తిగా తెలుపు కాదు, పూర్తిగా గాజులాగానూ ఉండదు. ఆ మబ్బు రంగు రావాలంటే అరలీటరుకి రెండే చెంచాలు, మూడు వేస్తే ఇడ్లీలా కనబడుతుంది.

ఇడ్లీ అంటే గుర్తొచ్చింది, అచ్చు కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. చిల్లుల్లేని ఇడ్లీ ప్లేట్లు చాలు. గుంత ఆకారం అచ్చం ముంజే. మా ప్లేట్లలో ఒక్కో గుంతకి 40 మిల్లీలీటర్లు పడుతుంది, మావారు కొలిచి చెప్పారు. అరలీటరుకి పన్నెండు ముంజలు. మూడు ప్లేట్లు.

మొదటిరోజు నాలుగు ముంజలు స్టీలు పళ్ళెంలో పెట్టి, ఏమీ చెప్పకుండా ఆవిడ పక్కన పెట్టి, నేను బీరకాయలు చెక్కుతూ కూర్చున్నాను. ఒకటి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. గోరుతో పొట్టు కోసం గీకారు. పొట్టు రాలేదు. "తొక్కెవరు తీశారే?" అన్నారు. "నేనే తీశానత్తయ్యా" అన్నాను. "గోళ్ళు నల్లబడతాయి, నాకిస్తే నేను వలుస్తాగా" అని నోట్లో వేసుకున్నారు. నాలుగూ అయిపోయాయి. ఇంకా ఉన్నాయా అన్నట్టు బుట్ట కోసం చూశారు. ఆవిడంతట ఆవిడ ఏదైనా కావాలని చూసి ఎన్ని నెలలైందో! ఆరు తిన్నారు ఆ పూట. 240 మిల్లీలీటర్లు. పెద్ద గ్లాసుడు నీళ్ళు, తగవు లేకుండా.

మావారు మందుల కంపెనీలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తారు. జీడిమెట్లలో, బాలానగర్ చుట్టుపక్కల మందుల కంపెనీలకి కొదవలేదు కదా. ఐడీపీఎల్ రోజుల్నుంచీ ఇక్కడ సగం ఇళ్ళలో ఎవరో ఒకరు ఆ పనిలోనే ఉంటారు. ఇడ్లీ ప్లేట్లో జెల్లీ పోస్తుంటే వెనకనుంచి చూసి నవ్వడం మొదలుపెట్టారు. "రోజంతా నేను చేసేది ఇదే, ఇంటికొస్తే నువ్వూ ఇదేనా" అని. వాళ్ళు గాలిలో, నీళ్ళలో సూక్ష్మక్రిములు ఉన్నాయో లేవో చూడడానికి గుండ్రటి ప్లేట్లలో పోసేది ఈ అగరే. క్రిములకి ఆహారం కలిపి, 121 డిగ్రీల ఆవిరిలో పావుగంట శుద్ధి చేసి, 45 డిగ్రీలకి చల్లారాక పోస్తారట. 45 అంటే చేతికి ఓర్చుకోగలిగే వేడి, అప్పటికీ గడ్డకట్టకుండా ద్రవంగానే ఉంటుంది. తర్వాత 30, 35 డిగ్రీల పెట్టెలో రోజుల తరబడి ఉంచినా కరగదు.

అప్పుడు చెప్పారు ఫానీ హెస్సే కథ. పాతికేళ్ళ కాపురంలో ల్యాబ్ నుంచి ఆయన తెచ్చిన కబుర్లలో నాకు బాగా నచ్చింది ఇదే. 1881లో, జర్మనీలో. ఆవిడ భర్త వాల్టర్ హెస్సే, రాబర్ట్ కాఖ్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర గాలిలోని క్రిముల మీద పని చేస్తున్నాడు. అప్పట్లో వాళ్ళు క్రిముల్ని పెంచడానికి జెలటిన్ వాడేవారు. ఎండాకాలం వచ్చేసరికి అంతా కరిగి నీళ్ళయ్యేది. పైగా కొన్ని క్రిములు జెలటిన్‌నే తినేసి కరిగించేవి. ఆయన విసిగిపోయి ఇంట్లో భార్యని అడిగాడట, నువ్వు చేసే జెల్లీలు ఎండలో ఎలా నిలబడతాయని. ఫానీ పుట్టింది న్యూయార్క్‌లో. అక్కడ జావా దీవిలో ఉండి వచ్చిన ఒక డచ్చి పొరుగావిడ దగ్గర అగర్ వాడకం నేర్చుకుంది. అదే చెప్పింది. అంతే, ఆ ల్యాబ్ సమస్య తీరిపోయింది. మరుసటి ఏడు కాఖ్ క్షయ క్రిమి గురించి ప్రకటించినప్పుడు అగర్ వాడకం గురించి రాశాడు గానీ, ఆ ఆలోచన ఎవరిదో రాయలేదు. ఆ గుండ్రటి ప్లేటుకేమో 1887లో దాన్ని తయారుచేసిన పెట్రి పేరు స్థిరపడిపోయింది. అందులో పోసేదానికి ఫానీ పేరు లేదు. వంటింటి కిటుకులకి పేర్లెవరు పెడతారు లెండి.

"మరి ఆ జావా ఆవిడ పేరు?" అన్నాను. అది మావారికి కూడా తెలియదు.

జూన్‌లో మా ఆడపడుచు విజయవాడ నుంచి వచ్చింది. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాలేకపోయింది, పిల్లాడి పరీక్షలు. ఆ బాధ మనసులో ఉంది. పళ్ళెంలో జెల్లీ చూసి, "అమ్మకి ఇవా పెడుతున్నావు వదినా?" అంది. మాట మెత్తగానే ఉంది గానీ నాకు తగిలింది. నేనేమీ అనలేదు. గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది. బతిమాలింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నువ్వు నాకిలాగే పట్టేదానివి కదమ్మా అంది. అత్తగారు కూతురి మొహం వైపు చాలాసేపు చూసి, చేత్తో గ్లాసు తోసేశారు. పక్క తడిసిపోయింది. "ఎవరమ్మా నువ్వు, ఊరికే విసిగిస్తావు" అన్నారు.

వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చింది పిల్ల. నేను పక్క మార్చి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుని, స్టవ్ దగ్గర నిలబడి, "పొడెంత, నీళ్ళెంత?" అని అడిగింది. ఉన్న వారం రోజులూ తనే చేసింది. నాకంటే బాగా చేసిందని ఒప్పుకోవాలి, నిమ్మాకు ఒకటి వేసి మరిగించి తీసేసేది, వాసన ఎంత బాగుందో. వాళ్ళమ్మ దాని చేతి ముంజలు తింటూ, "ఈ పిల్లెవరోగానీ మంచిది" అని నాతో గుసగుసగా అన్నారు. అది విని నవ్వాలో ఏడవాలో దానికి తెలియలేదు. రెండూ చేసింది.

పండ్ల సంగతి. బత్తాయి రసం బాగా కుదురుతుంది, కానీ పుల్లటి రసాలు పొయ్యి మీద ఉండగా పొయ్యకూడదు. పులుపుతో కలిపి మరిగిస్తే అగర్ పట్టు తగ్గిపోతుంది. దించాకే కలపాలి. పుచ్చకాయ రసం ఎండాకాలానికి హాయి, గింజలు తీసి వడకడితే చాలు. నల్లద్రాక్ష రంగు చూసి పిల్లలు ఎగబడ్డారు, అత్తగారు మాత్రం "నేరేడా? పళ్ళు నల్లబడతాయి" అని వదిలేశారు. అనాస, బొప్పాయి పచ్చివి వేస్తే జెలటిన్ జెల్లీ అసలు గడ్డకట్టదు, వాటిల్లో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే రసాలుంటాయి. అగర్ మాంసకృత్తు కాదు కాబట్టి దానికి ఆ బాధ లేదు. మామిడిపండు గుజ్జు వేసినది మా ఇంట్లో అందరికీ ఇష్టం, ఆవిడకి షుగర్ కాబట్టి ఒక్క ముక్కే. చేసినవి మర్నాటి లోపు తినెయ్యాలి. రెండో రోజుకి ప్లేట్లో నీరు వదిలేసి రబ్బరులా అవుతాయి.

ఒక జాగ్రత్త. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకీ, తింటూ తింటూ దగ్గేవాళ్ళకీ డాక్టర్ని అడగకుండా ఇవి పెట్టకండి. జారుడు ముక్క గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. మేం అడిగాకే మొదలుపెట్టాం. ఆవిడ నిటారుగా కూర్చుని ఉండాలి, ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. పడుకుని ఉన్నప్పుడు ఇవ్వం.

ఫ్రిజ్ మీద ఓ పాత నోటుపుస్తకం ఉంది. రోజూ రాస్తాం. పొద్దున కాఫీ 100, ముంజలు నాలుగు 160, చారన్నంలో సుమారు 150, మజ్జిగ ఒప్పుకుంటే అది. రాత్రికి కూడుతుంది మా అమ్మాయి. లీటరున్నర ఎప్పుడోగానీ చేరదు, లీటరు దాటితే మాకు పండగే. మే నుంచి ఇప్పటిదాకా మళ్ళీ సెలైన్ ఎక్కించాల్సి రాలేదు. జెల్లీ వల్లనే అని నేను చెప్పను, మందులున్నాయి, వానలు పడి ఎండ తగ్గింది. కానీ తులసి మాత్రం మళ్ళీ పచ్చబడింది.

ఇప్పుడు కార్తీకం. చలికి ఆవిడ చల్లటివి వద్దంటున్నారు, ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడికే వదిలేస్తున్నాను. పోయిన వారం తింటూ రెండుసార్లు దగ్గారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మింగే కండరాలు కూడా నెమ్మదిస్తున్నాయేమో చూడాలి, ఇంకో పరీక్ష చేయిద్దాం అన్నారు. అది అయ్యే దాకా ముంజలు ఆపించారు, చిక్కటి జావలాంటివే ఇమ్మన్నారు. రాగిజావ చేస్తున్నాను. నోటుపుస్తకంలో నిన్నటి లెక్క 850. పొద్దున ఆవిడ ఖాళీ పళ్ళెం చేత్తో తట్టి, "ఈ ఏడు తాటిచెట్లు కాయలేదా?" అని అడిగారు. పరీక్ష శుక్రవారం.